మొదటి సంతకం

నాలుగో రోజు పొద్దున కూడా వార్డెనమ్మ తన టీ గ్లాసు పట్టుకుని, కొడుకూ కోడలూ గోడకు కొట్టిన మేకులైనట్టు వాళ్ల మధ్య నుంచి నడిచి, వెనక వరండాలోకి వెళ్లిపోయింది.

బల్ల దగ్గర లెక్కల మాస్టారూ, ఆయన భార్యా మిగిలారు. ఆ బోర్డింగు స్కూలుకి ప్రిన్సిపాలు ఆవిడే. బయట మూడువందల అరవైమంది పిల్లలు ఆవిడ కనుబొమ కదిలితే వరసలు సర్దుకుంటారు. ఇంట్లో మాత్రం నాలుగు రోజులుగా ఆవిడ గిన్నె మీద మూత కూడా చప్పుడు కాకుండా పెడుతోంది.

"పదకొండింటికి ట్రస్టు వాళ్లు కూర్చుంటారు," అంది.

"తెలుసు."

"మీరొకసారి అత్తయ్యతో మాట్లాడచ్చుగా."

"గీత గీయించింది నువ్వు. సంతకం పెట్టింది నేను. ఏ మొహం పెట్టుకుని మాట్లాడమంటావు?"

బల్ల కింద, ఇద్దరి కాళ్ల మధ్య నుంచి, సుద్దగీత ఒకటి తిన్నగా లోపలి గదిలోకి పోతోంది. నాలుగు రోజులుగా ఎవరూ దాన్ని తొక్కడం లేదు. తుడవడమూ లేదు.

ఆ స్కూల్లో ఏ కట్టడమూ కాగితం మీంచి నేరుగా లేవదు. ముందు అసలు కొలతలతో నేలమీద సున్నం గీతలు పడతాయి. నెల రోజుల పాటు అందరూ ఆ లేని గోడల పక్కనుంచి, లేని గుమ్మాల్లోంచి తిరిగి చూస్తారు. ఎక్కడ ఇరుకైతే అక్కడ దిద్దుతారు. ప్రిన్సిపాలు రెండేళ్లు కూర్చుని రాసిన పాతికేళ్ల ప్రణాళికలో మొదటి కట్టడం చిన్నపిల్లల హాస్టలు. పాతదాని దూలాలు పగుళ్లిచ్చి, అరవైమంది చిన్నవాళ్లు రెండు నెలలుగా లైబ్రరీ హాల్లో పడుకుంటున్నారు. కొత్తది లేపడానికి దొరికిన గట్టినేల ఒక్కటే. ఆ నేలమీద ఈ ఇల్లుంది.

మంగళవారం తోటమాలి సున్నం డబ్బాతో గేటు దగ్గర మొదలుపెట్టాడు. మెట్లెక్కాడు. ఇంట్లో సున్నం బాగుండదని మర్యాదగా సుద్దముక్క తీసి, ముందుగది దాటి, వార్డెనమ్మ మంచం దగ్గరకొచ్చి ఆగాడు. "అమ్మా, మంచం కాస్త జరుపుతారా, గోడొస్తోంది," అన్నాడు.

ఆవిడకి కబురు అలా తెలిసింది.

ముప్ఫై ఒక్కేళ్లు వార్డెనుగా చేసిన మనిషి. ఈ ఇంటికి వచ్చినప్పుడు అది వార్డెను ఇల్లు. పదవి దిగి తొమ్మిదేళ్లయింది. ఆవిణ్ణి ఎవరూ కదపకూడదని అప్పట్లో ఇల్లు కొడుకు పేర రాశారు. ఆ రోజు ఆవిడ మంచం జరిపింది. గీత పూర్తయ్యేదాకా పక్కన నిలబడింది. తోటమాలికి మంచినీళ్లిచ్చింది. అంతే. తర్వాత ఆ ఇంట్లో ఆవిడ గొంతు వినపడలేదు.

తిట్టినా బాగుండేది, అనుకున్నారు మాస్టారు. తల్లి తిట్లకి ఒక కొస ఉంటుంది, అక్కడిదాకా ఓపిక పడితే చాలు. ఈ మౌనానికి కొస ఎక్కడో తెలియలేదు.

దీనికంతటికీ మూలం స్కూలు పెట్టిన పెద్దాయన రాసిపోయిన ఒక నియమం. ఏ పెద్ద ప్రణాళిక మీదైనా మొదటి సంతకం దానివల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయే మనిషిది. ఆ సంతకం లేని కాగితాన్ని ట్రస్టు తెరవదు. ఆటస్థలంలో సగం లాబొరేటరీకి పోయినప్పుడు ఆటల మాస్టారు సంతకం పెట్టారు. పండ్లతోట కొట్టేసినప్పుడు అప్పటి తోటమాలి, కాపు దిగేదాకా ఆగితేనే పెడతానన్నాడట. మూడు నెలలు ఆపాడు కూడా. ట్రస్టు నోరు మెదపలేదు.

ఈసారి ఆ సంతకం గీత మీద ఎవరి పేరు రావాలో ప్రిన్సిపాలుకి తెలియక కాదు. ఇల్లు రికార్డులో భర్త పేర ఉంది, కాబట్టి భర్త పేరు రాసింది. తీసుకెళ్లి ఆయన ముందు పెట్టింది. ఆయన పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. ఎర్ర పెన్ను పక్కనపెట్టి, నీలం పెన్ను తీసి, చూపించిన చోట సంతకం చేసి, మళ్లీ ఎర్ర పెన్ను అందుకున్నారు.

దాన్ని నమ్మకం అనుకున్నారాయన. భార్య రాసిందంటే అక్షరం తప్పు పోదు, చదవడం ఎందుకు? కానీ ఈ నాలుగు రోజుల్లో ఆ జవాబుని ఆయన తానే దిద్దుకోవాల్సి వచ్చింది. చదివితే ఒక అభిప్రాయం పుడుతుంది. అభిప్రాయం పుడితే తల్లికో భార్యకో ఎదురు నిలబడాలి. చదవకపోతే ఇద్దరి పక్షానా ఉండచ్చు. ఆయన దగ్గర ఉన్నది నమ్మకం కాదు, బద్ధకం కూడా కాదు. చిన్నప్పట్నుంచీ అలవాటైన ఒక దాక్కునే చోటు.

వార్డెనమ్మ మాత్రం దాక్కోలేదు. మంగళవారం సాయంత్రం నుంచి ప్రణాళిక కాగితాల కట్ట బల్లమీద కనపడటం లేదు. నూట పన్నెండు పేజీలు. వరండాలో పెన్సిలు చెవిమీద పెట్టుకుని ఆవిడ ఒక్కో పేజీ చదువుతోంది. కోడలు కిటికీలోంచి చూస్తూ, పెన్సిలు కిందికి దిగినప్పుడల్లా తన ఒంటిమీద గీసినట్టు కదిలింది.

నాలుగో రోజు ఎనిమిదైంది. వార్డెనమ్మ లోపలికొచ్చింది. కాగితాల కట్ట బల్లమీద పెట్టి, కోడలికి ఎదురుగా కూర్చుంది.

"అమ్మాయ్, ఈ నలభై అంగలు ఎవరివి?"

నాలుగు రోజుల తర్వాత మొదటి మాట అది. భార్యాభర్తలిద్దరికీ అర్థం కావడానికి క్షణం పట్టింది. ప్రణాళికలో కోడలు గర్వంగా రాసుకున్న వాక్యం అది: ఏ మంచం నుంచైనా వార్డెను తలుపు నలభై అంగలు దాటకూడదు.

"ఇంజనీరు నడిచి చూశాడు అత్తయ్యా."

"ఆరడుగుల మనిషి. పగటిపూట. బూట్లతో." ఆవిడ తల ఊపింది. "ఇంజనీరు కాళ్లకి జ్వరం రాదు."

నవ్వాలో వద్దో కోడలికి తెలియలేదు. వార్డెనమ్మ లేచింది. తన గదిలో మంచం ఉన్నచోటే రేపు ఆ హాస్టలు చిట్టచివరి మంచం వస్తుందని గీతల్ని బట్టి ఆవిడే చెప్పింది. కోడల్ని వెళ్లి వాకిట్లో కుళాయి అవతల, వార్డెను తలుపని సున్నంతో గుర్తుపెట్టిన చోట నిలబడమంది. కొడుకుని ముందుగదిలో, సగం దారిలో ఉండమంది. "పిల్లలంటే కేకలేస్తారనుకుంటారు మీరు. ఒంట్లో బాగాలేని పిల్ల కేకెయ్యదు. పక్కవాళ్లు లేస్తారేమోనని సిగ్గుపడుతుంది. అలా పిలుస్తాను. వినపడితే చెయ్యెత్తు."

డెబ్బై ఒక్కేళ్ల మనిషి మంచంమీద పక్కకి ఒత్తిగిలి, మోకాళ్లు ముడుచుకుని, గోడవైపు తిరిగింది.

"వార్డెనమ్మా," అంది.

మాస్టారు ముందుగదిలో కుర్చీ వీపు పట్టుకున్నారు. అది ఆవిడ గొంతు కాదు. ముప్ఫై ఒక్కేళ్లలో విన్న గొంతులన్నీ కలిసి ఏ ఒక్కరిదీ కాకుండా పోయిన గొంతు. అందులో ఒకటి తనది. తండ్రి పోయాక ఆరేళ్ల వయసులో తల్లి చెయ్యి పట్టుకుని వచ్చాడు ఇక్కడికి. నా కొడుకని ఒక మంచం ముందుకి జరపను అంది ఆవిడ. మిగతా పిల్లలతో పాటు వరసలో చివర పడుకున్నాడు. మిగతా పిల్లల లాగే, కన్నతల్లిని వార్డెనమ్మా అని పిలిచాడు. అమ్మా అని పిలవడం వేసవి సెలవుల్లో మాత్రమే.

అరవైమందిలో తనని ఆవిడ ఎప్పుడైనా విందా అని ఆయన నలభై ఏళ్లుగా లోపల ఒక సందేహం మోస్తూనే ఉన్నారు. ఇంత సరిగ్గా పిలవగలిగిందంటే విన్నదనే. ఒక్కొక్కర్నీ విన్నది.

మూడోసారి పిలిచింది. కుళాయి అవతల భార్య చెయ్యి కిందనే ఉంది.

ఆవిడ లోపలికొచ్చి, "పిలిచారా?" అంది.

"మూడుసార్లు," అన్నారు మాస్టారు.

"ఇంకా హాస్టలు గోడలు లేకుండానే," అంది వార్డెనమ్మ మంచం మీంచి లేస్తూ. "గోడలు లేచాక చెప్పు ఇంక."

ఇంకెవరైనా అయితే ఇంజనీరు మీదికి నెట్టేవాళ్లు. వాకిట్లో గాలి అనో, కుళాయి చప్పుడనో అనేవాళ్లు. ప్రిన్సిపాలు వంటింట్లోకి వెళ్లి తడిగుడ్డ తెచ్చింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, మోకాళ్ల మీద కూర్చుని, నాలుగు రోజులుగా ఎవరూ తొక్కని గీతని తుడిచేసింది. "వార్డెను గది మధ్యకి తెస్తాను. అటు ముప్ఫై మంచాలు, ఇటు ముప్ఫై," అంది. ఆవిడ కొలత టేపు విప్పితే అత్తగారు రెండో కొస పట్టుకుంది. పట్టుకోమని ఎవరూ అడగలేదు.

ఒకసారి పని మొదలయ్యాక మాటలు వాటంతటవే వచ్చాయి. కొత్తపిల్లలందర్నీ ఒకే గదిలో ఎందుకు పెట్టావని అత్తగారు అడిగింది. ఒకళ్లు ఏడుపు మొదలెడితే పన్నెండుమందీ అందుకుంటారు, ప్రతి గదిలోనూ ఒక నాలుగో తరగతి పిల్లని పడెయ్యి, దానికి పెద్దరికం, వీళ్లకి అండ అంది. కోడలు ఒప్పుకోలేదు. పెద్దపిల్లలు చిన్నవాళ్లని ఏడిపిస్తారని తల్లిదండ్రులు ఉత్తరాలు రాస్తారంది. మీ రోజులు వేరంది.

"రోజులు వేరే. ఏడుపు అదే," అంది అత్తగారు.

"ఏడాది చూద్దాం. సగం గదులు మీ పద్ధతి, సగం నా పద్ధతి."

"పాతికేళ్లకి రాసినదానివి, ఒక్క ఏడాదికి బేరమాడతావేం?" అంది అత్తగారు. కానీ ఆ బేరం ఆవిడకి నచ్చిందని టేపు బిగించి పట్టుకోవడంలో తెలిసింది.

మాస్టారు గుమ్మానికి ఆనుకుని చూస్తూండిపోయారు. నేలమీద ఇద్దరు ఆడవాళ్లు. ఒకరు పడగొట్టబోయే ఇల్లు ఇంకొకరిది. ఇద్దరూ ఆ సంగతి మర్చిపోయి ఒక మంచానికీ ఇంకో మంచానికీ మధ్య ఎంత ఎడం ఉండాలో తగువులాడుకుంటున్నారు. ఆయనకి ఒక పక్క సంతోషంగా, ఇంకో పక్క తనకి చోటులేని ఆటని గట్టుమీంచి చూస్తున్నట్టుగా ఉంది.

పదిన్నరకి కొత్త గీతలు పూర్తయ్యాయి. ప్రిన్సిపాలు చేతులు కడుక్కుని వచ్చి, కాగితాల కట్టలోంచి చివరి పేజీ తీసింది. పెన్ను తీసి అత్తగారి ముందు పెట్టింది.

"ఆయన పేరు కొట్టేస్తాను అత్తయ్యా. ఈ సంతకం మీది. ముందే మిమ్మల్ని అడగాల్సింది. భయపడ్డాను."

"దేనికి భయం?"

"మీరు వద్దంటారని కాదు. సరే అంటారని. మీరు సరే అంటే ఇల్లు పడగొట్టింది నేనే అవుతాను."

వార్డెనమ్మ కోడలి మొహం చూసింది. తర్వాత పెన్ను వెనక్కి తోసేసింది.

"గోడల్ని పట్టుకు వేలాడే వయసు కాదు నాది. మూల గది ఏదైనా చాలు. నాలుగు రోజులు మాట్లాడంది ఇంటికోసం అనుకున్నారా ఇద్దరూ? చదువుతున్నాను. చదివేటప్పుడు మాట్లాడితే నాకు బుర్రకెక్కదు." ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "డెబ్బై ఎనిమిదో పేజీ చదివావురా?"

మాస్టారు తలెత్తారు.

భార్య కిటికీ వైపు చూసింది.

"లేదు," అన్నారాయన.

వార్డెనమ్మ పేజీ తీసి ఆయన ముందుకి జరిపింది. ఐదు వరసలే. ఇకముందు ఏ ప్రిన్సిపాలూ పదేళ్లకు మించి ఆ పదవిలో ఉండకూడదు. దిగిన ప్రిన్సిపాలు స్కూలు ఆవరణలో నివసించకూడదు, కొత్తవారికి నీడ కాకూడదు. ఈ నియమం ప్రస్తుత ప్రిన్సిపాలుతోనే మొదలవుతుంది.

ఆయన భార్య ఆ కుర్చీలో కూర్చుని ఏడేళ్లు.

లెక్క పెద్దదేం కాదు. అయినా ఆయన రెండుసార్లు చేశారు.

"మూడేళ్లు," అన్నారు.

"మూడేళ్ల రెండు నెలలు," అంది భార్య.

"ఎక్కడికి పోతాం?"

"తెలీదు."

"నన్ను అడగాలనిపించలేదా?"

"సంతకం పెట్టారుగా."

"చదవలేదని నీకు తెలుసు."

ఆవిడ ఈసారి ఆయన కళ్లలోకి చూసింది. "తెలుసు. చదవరని తెలిసే ఇచ్చాను."

ఇరవై ఏళ్ల కాపురంలో ఆవిడ ఆయనతో అబద్ధం ఆడలేదు. ఇప్పుడూ ఆడలేదు. అదే ఎక్కువ తగిలింది. ఆయన దాక్కునే చోటు ఎక్కడో ఆవిడకి మొదట్నుంచీ తెలుసు. అవసరమైనప్పుడు తిన్నగా వచ్చి ఆ తలుపే తట్టింది.

"ఒకరినొకరు బాగానే ఎరుగుదురు," అంది వార్డెనమ్మ ఎవరితోనో అన్నట్టు.

ఎందుకు రాశావని ఆయన అడిగారు. గొంతు పెంచలేదు, ఆయనకి ఆ అలవాటు లేదు. భార్య చెప్పింది. ఆ పేజీ రాసే ముందు ఒక టీచరు తరగతి గదిలో బల్లలు ఎలా వెయ్యాలో అడగడానికి వచ్చింది. ముందురోజు వంటవాడు గరిటెల గురించి వచ్చాడు. అందరూ తన మొహం చూసి మాట్లాడుతున్నారు, తన మొహం చూసి ఊరుకుంటున్నారు. తను గొప్పగా నడుపుతోందని అందరూ అంటున్నారు. అందుకే భయమేసిందంది. ఒక మనిషి మీద నిలబడ్డది ఆ మనిషితోనే కూలుతుంది. మిగతా నూట పదకొండు పేజీలూ నిజం కావాలంటే ఈ ఒక్క పేజీ ఉండాలి.

"అందుకని ఆ సంతకం నీదే అమ్మాయ్," అంది అత్తగారు. "ఎక్కువ పోగొట్టుకునేది నువ్వే. రాసినవాళ్లు పెట్టకూడదని ఎక్కడా లేదు."

"కాదత్తయ్యా. నేను ఎంచుకున్నాను. ఎంచుకున్నదాన్ని నష్టం అనను." ఆవిడ ఆగింది. "ఆయన ఎంచుకోలేదు. ఆరో ఏట నుంచీ ఆయనకి ఇంకో చోటు తెలీదు. నేను దొంగతనంగా రాసినా, ఆ గీత మీద రాసిన పేరు మాత్రం సరైనదే."

అవతల హాల్లో చిన్నపిల్లలు ఎక్కాలు చెబుతున్నారు, ఎవరో ఒకరు అందరికన్నా ఒక అంకె ముందు పోతున్నారు.

మాస్టారు ఆ ఇద్దర్నీ చూశారు. ఒకరు సొంత కొడుకు మంచాన్ని ముందుకి జరపని మనిషి. ఇంకొకరు సొంత కుర్చీని తన చేత్తోనే బయట పెట్టిన మనిషి. ఇలాంటి ఇద్దరి మధ్య ఇన్నాళ్లు బతికి తను నేర్చుకున్నది అడ్డం రాకుండా ఉండటమేనా? వాళ్లని గౌరవించాననుకున్నారు. నిజానికి వాళ్లతో ఒక్కసారి కూడా వాదించలేదు. వాదించదగిన మనిషిగా ముందు తనని తను లెక్కేసుకోలేదు.

పదకొండుకి ఐదు నిమిషాలుందనగా ఆఫీసు అటెండరు గుమ్మంలో నిలబడ్డాడు. సభ్యులంతా వచ్చేశారనీ, ఇద్దరికి రెండింటికి రైలుందనీ, అమ్మగారిని తొందరగా రమ్మన్నారనీ చెప్పాడు. ప్రణాళికల మీద ట్రస్టు కూర్చునేది ఏడాదికి ఒక్కసారే. ఇవాళ తప్పితే అరవైమంది పిల్లలు ఇంకో ఏడాది లైబ్రరీ హాల్లోనే.

ప్రిన్సిపాలు చివరి పేజీ కోసం చెయ్యి చాచింది.

మాస్టారు అంతకన్నా ముందు అందుకున్నారు. జేబులోంచి పెన్ను తీసి, తన సంతకం మీద అడ్డంగా గీత కొట్టారు. తర్వాత కాగితాల కట్ట మొత్తం తన ముందుకి లాక్కున్నారు.

"వాళ్లని కూర్చోమను," అన్నారు. "నేను చదవాలి."

"నూట పన్నెండు పేజీలండీ."

"పెద్దాయన కాలంలో ఒక తోటమాలి మూడు నెలలు కూర్చోబెట్టాడు. నేను మూడు గంటలు అడుగుతున్నాను."

"రెండింటికి రైలు," అన్నాడు అటెండరు నెమ్మదిగా.

"రైళ్లు ఇంకా ఉంటాయి నాయనా," అంది వార్డెనమ్మ.

ప్రిన్సిపాలు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. ఎప్పుడూ ఎవర్నీ వేచి ఉండనివ్వని మనిషి. వాళ్లతో ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదని మొహంలో తెలుస్తోంది.

"చదివాక కూడా పెట్టకపోతే?"

ఆయన దగ్గర ఎప్పుడూ ఒక జవాబు సిద్ధంగా ఉండేది. నీ ఇష్టం అనేది. దానికోసం వెతుక్కుంటే నోటికి రాలేదు.

"ఏమో," అన్నారు. "నాకూ తెలీదు."

ఆవిడ ఆయన్ని కొత్తగా చూసింది. సభలో మొదటిసారి లేచి మాట్లాడే మనిషిని చూసినట్టు, కొంచెం బెదురుగా, కొంచెం మర్యాదగా. తర్వాత వాళ్లని కూర్చోబెట్టడానికి వెళ్లింది.

మాస్టారు మొదటి పేజీ తిప్పారు. భార్య చేతిరాత అంత గుండ్రంగా ఉంటుందని ఆయనకి తెలుసు. అంత ఒంటరిగా ఉంటుందని తెలియదు. మొదటి వాక్యం ఇలా ఉంది: ఈ ప్రణాళిక పూర్తయ్యేనాటికి దీన్ని రాసినవాళ్లలో ఎవరూ ఇక్కడ ఉండరు.

ఆయన పెన్సిలు తీసుకున్నారు. ఆ వాక్యం పక్కన, అంచులో, నిదానంగా రాశారు: "ఒప్పుకోను. కారణం చెబుతాను."

రెండో వాక్యం చదవడం మొదలుపెట్టారు.